అతుకు నిలవాలంటే

ఆవకాయ జాడీలో తడిగరిటె పెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ముక్క ఎంత మంచిదైనా, నూనె ఎంత ధారాళంగా పోసినా, ఉప్పూ కారం ఎంత సరిగ్గా కొలిచినా, ఆ ఒక్క తడిగరిటె చాలు. పదిరోజుల్లో పైన తెల్లగా బూజు తేలుతుంది. మనం మాత్రం "ఈసారి ఆవపిండి మంచిది కాదు" అని కొట్టువాణ్ణి తిట్టుకుంటాం. తప్పు మన చేతిలోంచే జరిగిందని ఒప్పుకోవడం అంత తేలిక కాదు చూశారూ!

మొన్న వేసవిలో నా చేతులారా నేను పెట్టిన తడిగరిటె ఒకటుంది. అది ఆవకాయలో కాదు. మా అబ్బాయి తయారు చేసుకుంటున్న సర్ఫింగ్ బల్లలో. ఆ కథ చెప్పాలంటే హవాయి దీవుల నుంచి మా ఐ.పోలవరం ఏటిగట్టు దాకా ఓసారి తిరిగి రావాలి. ఓపిక చేసుకుని నాతో రండి.

మావాడు కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్నాడు. స్నేహితులతో విశాఖపట్నం వెళ్ళి, రుషికొండ దగ్గర ఎవరో కుర్రాళ్ళు బల్ల మీద నిలబడి కెరటాల మీద జారుతూ రావడం చూశాట్ట. అంతే, మనసు దాని మీద పడింది. కొనాలంటే వేలకి వేలు. "నేనే చేసుకుంటా"నన్నాడు. సెలవులకి మా పుట్టింటికి ఐ.పోలవరం వస్తూ, థర్మోకోల్ దిమ్మలు, గాజునారతో నేసిన గుడ్డ, రెండు డబ్బాల జిగురూ మోసుకొచ్చాడు. మా అమ్మ అదంతా చూసి "వినాయకచవితికి ఇప్పట్నుంచే పందిరి వేస్తున్నావట్రా?" అంది.

పని ఏమిటంటే, థర్మోకోల్‌ని బల్ల ఆకారంలో చెక్కాలి. దానికి గాజుగుడ్డ చుట్టి, పైన రెజిన్ అనే పలచటి జిగురు పూయాలి. అది ఆరి గట్టిపడితే లోపల తేలిక, పైన రాయి. వినడానికి మన ఆత్రేయపురం పూతరేకులంత సుళువు. కానీ పూతరేకుకీ దీనికీ ఓ పెద్ద తేడా ఉంది. పూతరేకులో పొరకీ పొరకీ మధ్య నెయ్యి రాస్తాం, ఒకదానికొకటి అంటుకుపోకుండా ఉండడానికి. ఇక్కడ పొరలన్నీ ఒక్కటైపోవాలి. ఈ తేడా సంగతి గుర్తుపెట్టుకోండి, తరవాత అవసరం వస్తుంది.

మొదటి ప్రయత్నం అరగంటలో ముగిసింది. పడవలకి వాడేదని ఎవరో చెప్తే మావాడు పాలియెస్టర్ రెజిన్ తెచ్చాడు. అది పొయ్యగానే థర్మోకోల్ నిప్పు తగిలిన వెన్నముద్దలా గుంటలు పడి కరిగిపోయింది. ఆ రెజిన్‌లో ఉండే స్టైరీన్ అనే ద్రవానికి థర్మోకోల్‌ని కరిగించే గుణం ఉందిట. పాలియూరిథేన్ అనే మరోరకం నురుగు దిమ్మ అయితే దాన్ని తట్టుకుంటుంది. థర్మోకోల్ మీద పూయాలంటే ఎపాక్సీ రెజినే కావాలి. ఎపాక్సీ అంటే మనకి తెలియనిదేం కాదు. విరిగిన పింగాణీ పళ్ళేనికి రెండు గొట్టాల్లోంచి చెరికాస్తా తీసి కలిపి అతికిస్తామే, ఆ అరాల్డైట్ జాతిదే.

రెండో ప్రయత్నం ఎపాక్సీతో. పొద్దున్న పదింటికి, వరండాలో. పూసింది పూసినట్టే ఉంది గానీ, ఎండెక్కేకొద్దీ పైన చిన్నచిన్న బుడగలు లేవడం మొదలెట్టాయి, పెసరట్టు మీద లేచినట్టు. మర్నాడు దాన్నలాగే గరుకు కాగితంతో కాస్త రుద్ది, రెండో పొర గుడ్డ వేశాడు. నాలుగోరోజు చూస్తే ఆ రెండో పొర ఓ పక్కంతా అప్పడంలా లేచిపోయి ఉంది. వేలు పెడితే ఊడి వస్తోంది. మావాడి మొహం చూడలేకపోయాను.

ఇంతకీ ఈ బల్లల చరిత్ర ఏమిటో అని, ఊరికే కూచోలేక పుస్తకాలు తిరగేశాను. నవలలు రాసుకునేదానికి ఇదో రోగం, ఇంట్లో గిన్నె విరిగినా దాని పుట్టుపూర్వోత్తరాలు కావాలి.

కెప్టెన్ కుక్ మూడో సముద్రయాత్రలో హవాయిలో చనిపోయాక, ఆ యాత్రాగ్రంథాన్ని పూర్తిచేసిన లెఫ్టినెంట్ జేమ్స్ కింగ్ 1779లో అక్కడి జనం బల్లల మీద పడుకుని కెరటాలతో ఆడుకోవడం చూసి ఆశ్చర్యపడి రాశాడు. ఆ రోజుల్లో అవి ఒకే చెక్కలో చెక్కిన బల్లలు. అతుకన్నదే లేదు. కుకుయి అనే గింజల నూనె రాసి, ఎండకి పగలకుండా జాగ్రత్తగా దాచుకునేవారు. మిషనరీలు వచ్చాక ఆ ఆట వెనకబడిపోయి, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మళ్ళీ లేచింది. 1912 ఒలింపిక్ ఈతపందెంలో బంగారు పతకం గెల్చిన హవాయివాడు డ్యూక్ కహనమోకు దానికి లోకమంతటా పేరు తెచ్చాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఆ ఆట మొదటిసారి పోటీల్లో చేరింది.

చెక్కబల్ల బరువు మోయలేక 1930 ప్రాంతంలో టామ్ బ్లేక్ అనే ఆయన లోపల డొల్లగా ఉండే బల్లలు చేశాడు. తేలికయ్యాయి గానీ, అతుకుల్లోంచి నీళ్ళు దిగేవి. అంచేత నీళ్ళు వంపుకోవడానికి ఓ బిరడా కూడా పెట్టాల్సి వచ్చింది. ఆ 1930లలోనే అమెరికాలో గాజుని దారంగా తీసే విద్యా, పాలియెస్టర్ రెజినూ వచ్చాయి. స్విట్జర్లాండులో పియెర్ కాస్టన్, అమెరికాలో సిల్వన్ గ్రీన్లీ ఎవరి దారిన వాళ్ళు ఎపాక్సీ కనిపెట్టారు. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల రాడార్లకి తొడిగే తొడుగుల కోసం ఈ గాజుగుడ్డా రెజినూ బాగా వాడుకలోకి వచ్చాయి. యుద్ధం ముగియగానే, 1946లో, కాలిఫోర్నియాలో పీట్ పీటర్సన్ దాంతో సర్ఫింగ్ బల్ల చేశాడు. 1950లు ముగిసేసరికి లోపల నురుగు, పైన గాజు అనే పద్ధతి స్థిరపడిపోయింది. యుద్ధం కోసం పుట్టిన వస్తువు ఆటబొమ్మైంది. ఇలాంటివి చూసినప్పుడు మనిషి మీద కాస్త ఆశ కలుగుతుంది.

అదలా ఉంచితే, మన తీరానికి ఈ విద్య కొత్తా? ఆలోచించి చూడండి. మన పల్లెకారులు తెప్ప మీద మోకాళ్ళూని, ఎదురొచ్చే కెరటాన్ని చీల్చుకుని లోపలికి వెళ్ళి, తిరిగొచ్చేటప్పుడు అదే కెరటం వీపు మీద ఒడ్డుకి జారుకుంటూ వస్తారు. నాలుగైదు తేలిక దుంగలు, తాడు, తెడ్డు, అంతే. అరవవాళ్ళు దాన్ని కట్టుమరం అన్నారు. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటనే పట్టుకుపోయి కాటమరాన్ అనుకున్నారు. ఇవాళ కోట్ల ఖరీదుచేసే జంట పడవలకీ అదే పేరు. పేరు మనది, పడవ వాళ్ళది!

మన తీరంలో సముద్రాన్ని ఎదుర్కోవడానికి మూడు దారులుండేవి. ఒకటి తెప్ప. దుంగకీ దుంగకీ మధ్య సందు ఉంటే ఉండనీ, నీళ్ళు కిందనుంచి వస్తే వచ్చి పోనీ, మునగదు కదా అన్న ధీమా. రెండోది కుట్టుపడవ. ఇంగ్లీషువాళ్ళు మసూలా అనేవారు. దీనికి మేకు లేదు. పలకకీ పలకకీ కొబ్బరినార తాడుతో కుట్టు, ఆ కుట్టు కింద గడ్డి. పెద్ద కెరటం ఒడ్డుకేసి కొట్టినప్పుడు మేకుల పడవ పగులుతుంది, కుట్టుపడవ వంగి లేస్తుంది. మద్రాసులో రేవు కట్టకముందు దొరలూ దొరసానులూ ఓడ దిగి ఒడ్డుకి చేరింది ఈ కుట్టు మీదే. భోజరాజు పేరుమీద ఉన్న యుక్తికల్పతరువులో సముద్రం మీదికి పోయే ఓడల పలకలు ఇనుముతో బిగించొద్దని, నీళ్ళలో ఉన్న అయస్కాంత శిలలు లాగేస్తాయని ఉంది. అయస్కాంతం మాట ఎలా ఉన్నా, ఉప్పునీళ్ళలో ఇనుముని నమ్మొద్దన్నది మాత్రం అనుభవం మీద చెప్పిన మాటే అనిపిస్తుంది నాకు.

మూడోది నావ. పలకని పలకకి ఆనించి, మేకులు దిగ్గొట్టి, సందు కనిపించకుండా చేసేది. అక్కడే మొదలవుతుంది తంటా. సందు కంటికి కనిపించకపోయినా నీటికి కనిపిస్తుంది. అంచేత ఆ సందులో పీచో, దూదో నూనెలో తడిపి ఉలితో కొట్టి కూరాలి. పైన గుగ్గిలం పూయాలి.

గుగ్గిలం అంటే మనకి పొగ వేసుకునేదని మాత్రమే తెలుసు. అది సాలవృక్షం కారే బంక. ఒరిస్సా, మన్యం అడవుల్లో ఆ చెట్లు విస్తారం. సంస్కృతంలో సర్జరసం అంటారు. వైద్యులు వాడే గుగ్గులు వేరు, ఇది వేరు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గుళ్ళకీ విగ్రహాలకీ వాడే వజ్రలేపం తయారీ చెబుతూ, పచ్చి వెలక్కాయలూ బూరుగుపూలూ వగైరాలు నీళ్ళలో పోసి ఎనిమిదో వంతుకి మరగకాచి, అందులో గుగ్గులూ సర్జరసమూ రెండూ కలపమన్నాడు. మన వడ్రంగులు జిగురుని 'వజ్రం' అంటారు చూడండి, ఆ మాట వెనక ఎంత కథ ఉందో!

ఓడ అచ్చు వేసిన శాతవాహనుల నాణేలు మన తీరంలో దొరికాయి. యజ్ఞశ్రీ శాతకర్ణి కాలంనాటివి, రెండు తెరచాపకొయ్యలతో. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. గాలివానకి చితికి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని అంతకుముందు రాజులు లాగేసుకునేవారట. ఇకమీదట అలా జరగదని అభయమిచ్చాడు. అతుకు వీడిన ఓడ ఎంత మామూలు సంగతో ఆ శాసనమే చెబుతుంది. పదిహేడో శతాబ్దంలో నరసాపురం ఓడల కట్టుబడికి పేరు. ఐరోపా కంపెనీలవాళ్ళూ అక్కడ ఓడలు కట్టించుకునేవారు, మరమ్మతులు చేయించుకునేవారు. ఆ తరవాత ఆ వైభవం మా గౌతమి ఒడ్డుకి వచ్చింది. కోరంగి, తాళ్ళరేవు. కోరంగి నుంచి ఓడెక్కి బర్మా వెళ్ళిన జనం ఎంతమందంటే, అక్కడ తెలుగువాళ్ళందరికీ కోరంగీలనే పేరు పడిపోయింది.

అదే కోరంగిని 1789లో ఓ ఉప్పెన, 1839లో మరో ఉప్పెన తుడిచిపెట్టేశాయి. కలకత్తాలో ఉండి తుఫానుల సంగతి పరిశోధించిన హెన్రీ పిడింగ్టన్ ఆ 1789 ఉప్పెన గురించి కూడా రాశాడు. 'సైక్లోన్' అనే మాట పుట్టించింది ఆయనే. 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంలో దాన్ని లోకానికి అందించాడు. ప్రపంచమంతా వాడే ఆ మాట వెనక మా పొరుగూరి కన్నీళ్ళు కూడా ఉన్నాయన్నమాట.

మా ఊరికి తుఫాను అంటే పుస్తకంలో సంగతి కాదు. 1996 నవంబరు 6 రాత్రి నేను ఇంటర్మీడియెట్ చదువుకునే పిల్లని. పెంకులు ఎగిరిపోతోంటే అందరం నడిమింట్లో గోడకి ఆనుకుని కూర్చున్నాం. తెల్లారేసరికి కొబ్బరిచెట్లు తలలు తెగి నిలబడ్డాయి. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకి వెళ్ళినవాళ్ళలో ఎందరో తిరిగి రాలేదు. ఆ తుఫానులో మొత్తం వెయ్యిమందికి పైగా పోయారు. మా తాతగారి నావ మాత్రం కట్టుతాడు తెగి, కొబ్బరితోటలోకి కొట్టుకొచ్చి, చెట్ల మధ్య ఇరుక్కుని నిలబడింది. ఒక్క పలక కూడా వీడలేదు. దానికి గుగ్గిలం వేసిన వడ్రంగి తాత ఇంకా ఉన్నాడు. ఎనభై దాటాయి. మావాణ్ణి వెంటబెట్టుకుని ఆయన దగ్గరికే బయల్దేరాను.

ఏటిగట్టు కింద పాక. బయట అరుగు మీద కూచుని కొబ్బరితాడు పేనుతున్నాడు. ఎదుర్లంకకీ యానానికీ మధ్య గౌతమి మీద 2002లో వంతెన వచ్చాక పడవల పని సగం పోయింది. ఫైబరు పడవలు వచ్చి మిగతా సగం పోయింది. 1980లలోనే ఐక్యరాజ్యసమితివాళ్ళ బంగాళాఖాతం పథకం కింద మన తీరంలో ఫైబరు పడవల ప్రయోగాలు జరిగాయి. 2004 సునామీ తరవాత అవి ఊరూరా వచ్చేశాయి. తప్పని నేననను. చెక్కని తొలిచే పురుగు వాటిని తొలవదు, ఏటేటా గుగ్గిలం ఖర్చు లేదు. కానీ ఈ తాత చేతులకి పని లేకుండా పోయింది.

"ఆయ్, అమ్మాయిగోరా! ఎప్పుడొచ్చారండీ?" అంటూ లేవబోయాడు.

"కూచో తాతా. మావాడి బల్ల పొర లేచిపోతోంది. ఓసారి చూసి చెప్పాలి నువ్వు."

"ఫైబరా? నాకేం తెల్సండీ ఫైబరు సంగతి" అన్నాడు గానీ, చెయ్యి అప్పటికే బల్ల మీద ఉంది. వేలి కణుపుతో ఈ చివర నుంచి ఆ చివరికి కొట్టుకుంటూ వెళ్ళాడు. టక్, టక్, టక్. ఒకచోట డబ్ అంది. మనం కొబ్బరికాయ కొట్టి చూస్తామే, అలాగ. ఎక్కడెక్కడ డబ్ అందో అక్కడ సుద్దముక్కతో గీత గీశాడు. గీతలన్నీ కలిస్తే బల్లకి మూడో వంతుంది.

"ఎప్పుడు పూసేవు బాబూ?"

"పొద్దున్న పదింటికి, తాతగారూ."

"అదీ! ఎండెక్కేటప్పుడు పూస్తే లోపలున్న గాలి పెరిగి పైకి తన్నదూ? చెక్కయినా అంతే. పొద్దు దిగేటప్పుడు పుయ్యాలి. చల్లబడేకొద్దీ గాలి లోపలికి పోతా, పూతనీ లోపలికి లాక్కుంటాది."

మావాడు నోరు తెరిచాడు. నేనూ తెరిచాను. భౌతికశాస్త్రంలో గాలి వ్యాకోచం గురించి నేనూ చదువుకున్నాను, పరీక్షలో రాశాను కూడా. ఎప్పుడైనా పనికొచ్చిందా?

తరవాత లేచిన పొర అంచు పట్టుకుని తీసి, లోపలి వైపు బొటనవేలితో రాసి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"దీనికి జిడ్డు తగిలిందండీ. కొబ్బరినూని."

నా గుండె గతుక్కుమంది. ఆ పొర వేసే ముందు మావాడి వేళ్ళకి ఎపాక్సీ అంటుకుని వదలకపోతే, "ఇలా తే నాన్నా" అని చేతులకి నూనె రాసి రుద్దింది నేనే. పాత చీర ముక్కతో తుడిచింది నేనే. వాడు అదే చేతులతో వెళ్ళి గాజుగుడ్డ పరిచాడు, బల్లంతా నిమిరి సర్దాడు. పూతరేకుకి నెయ్యి రాసినట్టు, పొరకీ పొరకీ మధ్య నేనే నూనె రాశాను! అయినా నేను నోరు మెదపలేదు. "ఇంట్లో అంతా కొబ్బరేగా, ఎక్కడో అంటుకుని ఉంటుంది" అన్నాను తేలిగ్గా. వయసొచ్చిన కొడుకు ముందు, అదీ పరాయివాళ్ళు ఉండగా, తప్పు ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

తాత నన్నేమీ అడగలేదు. తాడు పక్కన పెట్టి, ఏటికేసి చూస్తూ ఓ సంగతి చెప్పాడు.

నలభై యేళ్ళ కిందటి మాట. వానలు దగ్గరపడుతున్నాయి. ఓ పడవకి సందులు కూరి గుగ్గిలం వేయాలి. పలకలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి, మరో వారం ఎండాలి. పడవ ఆసామికి తొందర. ఈయనకీ తొందరే, ఇంట్లో కూతురి పెళ్ళి, కూలి చేతికి రావాలి. "ఫర్వాలేదు, ఆగుతాది" అనుకుని తడి చెక్క మీదే కాగిన గుగ్గిలం పోశాడు. పైకి నల్లగా నిగనిగలాడుతూ అంటుకున్నట్టే ఉంది. నాలుగోవారంలో గౌతమి నడిమధ్య, బరువు మీద, ఆ సందు తెరుచుకుంది. ముగ్గురిలో ఇద్దరు ఈదుకొచ్చారు. మూడోవాడు కుర్రాడు. దొరకలేదు.

"గాలి తిరిగిందన్నారండీ అందరూ. నన్నెవ్వరూ ఒక్కమాట అన్లేదు. ఆడి తల్లి కూడా నన్నే పట్టుకుని ఏడ్సింది, 'సూసేవా బావా, గాలి ఎంత పని సేసిందో' అని. నేను సెప్పలేదు. ఇప్పటికీ సెప్పలేదు. ఆవిడా పోయింది." కాసేపాగి అన్నాడు, "ఆ తర్వాత నేను ఏలుతో కొట్టి సూడకుండా పడవ దింపలేదండి. అతుకు పైకి అంటుకున్నట్టే ఉంటాది. లోపల తడుంటే, అబద్ధం ఉంటే, నీళ్ళకి తెలిసిపోద్ది."

మేమిద్దరం మాట్లాడకుండా ఇంటికొచ్చాం. దారిలో ఏటిగట్టు మీద ఆగి మావాడితో చెప్పాను. "నూనె నేను రాసిందేరా. నీ చేతులకి. అక్కడ చెప్పలేకపోయాను."

వాడు నవ్వేస్తాడనుకున్నాను. నవ్వలేదు. "నాకు తెలుసమ్మా. తాతగారు వాసన చూడగానే తెలిసింది. నువ్వు చెప్తావో లేదో అని చూశాను" అన్నాడు. అంతే. బల్ల నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. ఎంత సిగ్గేసిందో, అంత తేలికైంది ప్రాణం.

మర్నాడు మళ్ళీ పని మొదలు. ఈసారి వాడు డబ్బాతో వచ్చిన కాగితం కూడా ఆసాంతం చదివాడు. ఎవరికైనా పనికొస్తుందని క్రమం చెబుతాను. సుద్దగీత ఉన్నంత మేరా లేచిన గుడ్డ కత్తితో కోసి తీసేశాడు. అతికి ఉన్న పొర అంచుని గరుకు కాగితంతో ఏటవాలుగా, మెట్టు తెలియకుండా రుద్దాడు. సబ్బునీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో మళ్ళీ కడిగాడు. మన కోనసీమ లాంటి తేమగాలిలో ఎపాక్సీ ఆరేటప్పుడు పైన మైనంలాంటి సన్నటి పొర కడుతుందట. అది నీళ్ళతోనే పోతుంది. కడక్కుండా రుద్దితే జిడ్డు ఇంకా లోపలికి పోతుంది. అంటే నా నూనె లేకపోయినా వాడి పూతకి ఆ గండం ఉండనే ఉందన్నమాట. ఈ మాట నా సమర్థింపు కోసం చెప్పడం లేదు, నిజం కనక చెబుతున్నాను.

తరవాత రెండురోజులు పూర్తిగా ఆరనిచ్చాడు. రెజినూ, దాన్ని గట్టిపరిచే హార్డెనరూ ఈసారి కళ్ళతో కాకుండా మా అమ్మ బంగారం తూచే చిన్న త్రాసులో తూచి కలిపాడు. హార్డెనర్ కాస్త ఎక్కువ పోస్తే తొందరగా గట్టిపడుతుందనుకోవడం పొరపాటుట. పాలియెస్టర్‌లో ఒకటో రెండో పాళ్ళు వేసేది కేవలం తోడులాంటిది, కాస్త అటూ ఇటూ అయినా నడుస్తుంది. ఎపాక్సీలో రెండూ ఒకదాన్నొకటి పట్టుకోవలసినవే. ఒకటి ఎక్కువైతే దానికి జోడు దొరక్క మెత్తగా మిగిలిపోతుంది. జంట కుదరని సంసారం లాగే అనుకోండి. కొద్దికొద్దిగా కలపడమూ ముఖ్యమే, గిన్నెడు ఒక్కసారి కలిపితే లోపలే వేడెక్కి గిన్నెలోనే రాయైపోతుంది. చేతులకి రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. ఎపాక్సీ చర్మానికి మంచిది కాదు, కొందరికి దద్దుర్లు తెస్తుంది. ఆ తొడుగులు ముందే ఉంటే నా నూనెతో పనే లేకపోను.

పొద్దు వాలాక, నాలుగున్నరకి, నీడలో పూత మొదలెట్టాడు. గుడ్డ తడిసి గాజులా పారదర్శకమైంది. మధ్యలోంచి అంచులకి రబ్బరు ముక్కతో లాగుతూ గాలి, మిగులు రెజినూ బయటికి పంపాడు. ఒక్క బుడగ లేవలేదు. మా అమ్మ అరుగు మీద కూచుని, "అట్టు పోసినట్టే పోశాడే!" అంది. అంతకన్న పెద్ద బిరుదు మా ఇంట్లో లేదు.

పైకి మర్నాటికే గట్టిపడింది. వాడికి వెంటనే ఏట్లో దింపాలని ఉంది. కానీ లోపల పూర్తిగా పండడానికి ఓ వారం పడుతుందని ఆ కాగితంలోనే ఉంది. నేనేమీ అనలేదు. వాడంతట వాడే రోజులు లెక్కపెట్టుకుని, వారం ఆగాడు. నలభై యేళ్ళ కిందట గౌతమిలో పోయిన, నేను పేరైనా ఎరగని ఆ కుర్రాడు ఆ వారమంతా మా ఇంట్లో తిరుగుతున్నట్టే అనిపించింది నాకు.

ఎనిమిదోరోజు బల్ల తీసుకుని మళ్ళీ తాత దగ్గరికి వెళ్ళాం. ఆయన అరుగు మీద పడుకోబెట్టి, కళ్ళు మూసుకుని, వేలి కణుపుతో కొట్టుకుంటూ వెళ్ళాడు. టక్, టక్, టక్. మేమిద్దరం ఊపిరి బిగబట్టి నుంచున్నాం. చివరికి వచ్చేశాడు. వచ్చేశాడనుకున్నాక, వెనక్కి జరిగి తోక దగ్గర మళ్ళీ కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. సుద్దముక్క తీసి రూపాయంత గుండ్రం గీశాడు.

"ఇక్కడొక్కటి ఉంది బాబూ."

నేను వాడి మొహంకేసి చూశాను. చిన్నప్పుడైతే బల్ల అక్కడే విసిరికొట్టి ఏడ్చేవాడు. వాడు ఆ గుండ్రాన్ని తన వేలితో ఓసారి కొట్టి, చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. తల ఊపాడు.

"ఇంకో వారం, తాతగారూ" అన్నాడు.

"ఆయ్" అన్నాడు తాత, తాడు అందుకుంటూ.